త్రాసుకెక్కని బిల్లులు

ఆయవ్యయ పట్టికను ఉర్దూలో మీజానియా అంటారు. మీజాన్ అనగా త్రాసు. ఒక పళ్ళెంలో రాబడినీ, మరొక పళ్ళెంలో ఖర్చునూ ఉంచి తూచి చూడవలసిన వ్యవహారమని ఆ మాటలోనే సూచన ఉన్నది. తెలుగు, ఉర్దూ రెండూ వినిపించే మన కళాశాలలో ఈ మాటను తలచుకోవడం సముచితమే. ఎందుకనగా, మన రాష్ట్ర శాసనసభలో సంవత్సరానికొక పర్యాయం బడ్జెటు త్రాసుకెక్కుతున్నది గాని, ఆ బడ్జెటుపై ఏళ్ళ తరబడి భారం మోపే బిల్లులు మాత్రం చాలావరకు తూకం లేకుండానే చట్టాలవుతున్నవి.

ఖజానా నుండి ధనం కోరే ప్రతి బిల్లునూ సభ ఆమోదించడానికి ముందు ఒక శాసనసభా సంఘం పరిశీలించి, దాని ఖర్చును లెక్కగట్టి, సభకు నివేదిక ఇవ్వాలి. ఈ వ్యాసంలో నేను ప్రతిపాదించేది ఇంతే. ఇది పండితులకు, శాసనసభ్యులకు మాత్రమే సంబంధించిన విషయమని విద్యార్థులు అనుకోరాదు. నారాయణపేట రైతు పట్టా పుస్తకం, ఉర్దూలో వ్రాసిన అర్జీ, మన విద్యార్థి వేతనం, ఇవన్నీ ఈ ప్రశ్నతో ముడిపడి ఉన్నవి.

ముందుగా ఒక బిల్లు ప్రయాణమెట్టిదో తెలుసుకోవాలి. మంత్రిగారు బిల్లును సభలో ప్రవేశపెట్టడం మొదటి పఠనం. దాని సూత్రాలను చర్చించి, పిమ్మట ఒక్కొక్క క్లాజును పరిశీలించడం రెండవ పఠనం. ఆమోదించవలసినదని ప్రతిపాదించి ఓటు తీసుకోవడం మూడవ పఠనం. రెండవ పఠనం ఆరంభంలోనే సభ ముందు నాలుగు దారులుంటాయి. బిల్లును వెంటనే చర్చకు తీసుకోవచ్చు. సెలెక్ట్ కమిటీకి పంపవచ్చు. ఉభయ సభల సంయుక్త కమిటీకి పంపవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణకై ప్రచురించనూవచ్చు. దారులు నాలుగున్నా నడక మాత్రం తరచుగా మొదటి దారినే సాగుతున్నది. దేశంలోని శాసనసభల పనితీరును లెక్కిస్తున్న పి.ఆర్.ఎస్. సంస్థ నివేదికలను చూస్తే, ఇటీవలి సంవత్సరాలలో రాష్ట్రాల బిల్లులలో దాదాపు సగం ప్రవేశపెట్టిన నాడో మరునాడో ఆమోదం పొందినవని తెలుస్తున్నది.

ధనంతో ముడిపడిన బిల్లుల విషయంలో రాజ్యాంగం మరికొన్ని కట్టుబాట్లు విధించినది. 199వ అధికరణం ద్రవ్య బిల్లును నిర్వచించినది. అట్టి బిల్లును శాసనసభలోనే ప్రవేశపెట్టాలని 198వ అధికరణం చెబుతున్నది. శాసనమండలి దానిని 14 రోజులలోగా తిరిగి పంపాలి. మండలి చేసే సిఫారసులను సభ అంగీకరించవచ్చు, త్రోసిపుచ్చవచ్చు. 207వ అధికరణం మేరకు, రాష్ట్ర సంచిత నిధి నుండి ఖర్చు కలిగించే ఏ బిల్లునైనా గవర్నరు సిఫారసు లేనిదే సభ ఆమోదించరాదు. గవర్నరు సిఫారసు అనగా ఆచరణలో మంత్రివర్గం సలహాయే. కనుక ఈ కట్టుబాటు ప్రభుత్వం చేతిలోని తాళంచెవియే గాని, సభ చేతిలోని త్రాసు కాదు.

ఇక సభా నియమావళిలో ఉన్న సాధనం ఆర్థిక జ్ఞాపిక. ఖర్చుతో కూడిన బిల్లుకు దీనిని జతపరచాలి. ఏ క్లాజు వలన ఖర్చు కలుగుతుందో, అందులో ఒక్కసారి పెట్టే ఖర్చెంతో, ఏటేటా పునరావృతమయ్యే ఖర్చెంతో అందులో తెలపాలి. నియమం చక్కనిదే. కాని జ్ఞాపికను వ్రాసేది బిల్లును తయారుచేసిన శాఖే. వధువు గుణగణాలను వధువు తండ్రి వర్ణించినట్లుంటుంది. ఆ అంకెలను అడిగి నిలదీసే సంఘమేదీ బిల్లుకూ ఓటుకూ నడుమ లేదు.

మన శాసనసభలో ఆర్థిక సంఘాలు లేకపోలేదు. ప్రజా పద్దుల సంఘం, అంచనాల సంఘం, ప్రభుత్వ రంగ సంస్థల సంఘం అని మూడున్నవి. తెలంగాణలో ప్రజా పద్దుల సంఘానికి శాసనసభ నుండి 9 మంది, మండలి నుండి నలుగురు సభ్యులు. కంట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ సమర్పించే నివేదికలను ఈ సంఘం పరిశీలిస్తుంది. సభ మంజూరు చేసిన సొమ్ము మంజూరైన పనికే, మంజూరైన మేరకే ఖర్చయినదా అని విచారిస్తుంది. అధికారులను పిలిచి ప్రశ్నిస్తుంది. అంచనాల సంఘం పొదుపు మార్గాలను సూచిస్తుంది. మూడవ సంఘం ప్రభుత్వ సంస్థల లెక్కలను చూస్తుంది. ఇవన్నీ గౌరవనీయమైన సంప్రదాయాలే. ఐతే ప్రజా పద్దుల సంఘం ముందుకు వచ్చేవి జరిగిపోయిన సంవత్సరాల లెక్కలు. అంచనాల సంఘం చూసేది శాఖల అంచనాలను గాని, రేపు చట్టం కాబోయే బిల్లును కాదు.

మన ఊరి మగ్గాల నుండి ఒక ఉదాహరణ తీసుకుందాం. నారాయణపేట చీర నేసే నేతకాడు పడుగు పోగులను ముందే సరిచూసుకుంటాడు. పోగు తప్పినదని చీర మగ్గం దిగిన తరువాత తెలిస్తే చేయగలిగినదేమీ లేదు. శాసన నిర్మాణంలో బిల్లు పడుగు వంటిది. మన సంఘాలు పరిశీలిస్తున్నది మాత్రం నేసి మడత పెట్టిన చీరను.

దీనికి మన జిల్లాకు దగ్గరి సంబంధమున్న దృష్టాంతం ఒకటి ఉన్నది. 2020 సెప్టెంబరు 9న తెలంగాణ శాసనసభలో భూమి హక్కులు, పట్టాదారు పాసు పుస్తకాల బిల్లు ప్రవేశపెట్టబడినది. గ్రామ రెవెన్యూ అధికారుల పదవులను రద్దు చేసే బిల్లు కూడా ఆనాడే వచ్చినది. 11వ తేదీన సభ రెండింటినీ ఆమోదించినది. 14వ తేదీన మండలి ఆమోదం కూడా లభించినది. అక్టోబరు 29న ధరణి పోర్టల్ ప్రారంభమైనది. రాష్ట్రంలోని కోట్లాది ఎకరాల భూమి లెక్క, వేలాది ఉద్యోగుల భవితవ్యం ఒక్క వారంలోపున ఉభయ సభలను దాటిపోయినవి. ఏ సంఘమూ ఆ క్లాజులను ముందుగా చదివి నివేదిక ఇవ్వలేదు.

తరువాత జరిగినది అందరూ ఎరిగినదే. తప్పుగా నమోదైన పేర్లను, విస్తీర్ణాలను సరిదిద్దించుకునే మార్గం దొరకక రైతులు కార్యాలయాల చుట్టూ తిరిగారు. నాలుగేళ్ళ పిమ్మట 2024 డిసెంబరు 18న భూ భారతి బిల్లు సభలో ప్రవేశించినది. 20వ తేదీన సభ దానిని ఆమోదించినది. పాత చట్టం తొలగించిన అప్పీలు వ్యవస్థ కొత్త చట్టంలో తిరిగి వచ్చినది. 2025 ఏప్రిల్ 14న ఈ చట్టం అమలులోకి వచ్చినప్పుడు ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాలలో మన నారాయణపేట జిల్లాలోని మద్దూరు ఒకటి. అనగా హైదరాబాదులో మూడు రోజులలో ఆమోదం పొందిన శాసనానికి తొలి పరీక్ష మన పొలం గట్ల మీదనే జరిగినది.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటున్నది. 2024 బిల్లు ముసాయిదాను ప్రభుత్వం ఆ సంవత్సరం ఆగస్టులోనే ప్రజల ముందుంచి సూచనలు ఆహ్వానించినది. ఇది 2020 కంటె మేలైన పద్ధతి. ఐనను ప్రజలు పంపిన సూచనలను స్వీకరించేదీ, త్రోసిపుచ్చేదీ ప్రభుత్వ శాఖే. శాసనసభా సంఘం ముందు బహిరంగంగా సాక్ష్యం చెప్పి, సభ్యుల ప్రశ్నలకు అధికారి చేత సమాధానం చెప్పించడం వేరు.

ఇది భూమి సంగతి గదా, ఆర్థిక సంఘానికేమి పని అని ఎవరైనా అడుగవచ్చు. పదవుల రద్దును చూడండి. 2020లో పదవులు రద్దయినవి గాని, ఆ పదవులలోని ఐదు వేలకు పైగా ఉద్యోగులు ఉద్యోగులుగానే ఉండిపోయారు. వారి జీతాలూ కొనసాగినవి. 2022లో వారిని ఇతర శాఖలలో సర్దుబాటు చేశారు. 2025 సెప్టెంబరు 5న దాదాపు ఐదు వేల మందికి గ్రామ పాలనాధికారులుగా నియామక పత్రాలు అందినవి. గ్రామానికి ఒక రెవెన్యూ ఉద్యోగి కావాలన్న స్థితికి ఐదేళ్ళలో తిరిగి వచ్చితిమి. పదవి రద్దు వలన మిగిలేదెంత, సర్దుబాటుకు అయ్యేదెంత, కొత్త పోర్టల్ నిర్వహణకు ఏటా కావలసినదెంత, గ్రామంలో ఆ పని ఇక ఎవరు చేస్తారు అనే నాలుగు ప్రశ్నలను 2020 సెప్టెంబరులో ఒక సంఘం వేసి ఉంటే ఎంత మేలు జరిగేదో ఊహించవచ్చు. ఇది ఏ ఒక్క పార్టీనో నిందించడానికి చెబుతున్న మాట కాదు. రెండు ప్రభుత్వాలూ, రెండు బిల్లులూ, నడచిన దారి మాత్రం ఒక్కటే.

మన కళాశాలకు మరింత సన్నిహితమైన ఉదాహరణ ఉర్దూ భాషకు సంబంధించినది. 2017 నవంబరులో అధికార భాషల చట్టాన్ని సవరించి రాష్ట్రమంతటా ఉర్దూను రెండవ అధికార భాషగా చేశారు. ప్రభుత్వ కార్యాలయాలలో 66 మంది ఉర్దూ అధికారులను నియమిస్తామని ఆనాటి ప్రభుత్వం ప్రకటించినది. మనమందరం హర్షించాము. కాని భాషకు చట్టంలో స్థానం లభించడం వేరు, బల్ల మీద స్థానం లభించడం వేరు. ఉర్దూలో వ్రాసిన అర్జీని చదివే మనిషి, అనువదించే మనిషి, జవాబు వ్రాసే మనిషి కావాలి. వారికి జీతాలు కావాలి. జిల్లాకు ఎందరు, మండలానికి ఎందరు, ఏటా ఖర్చెంత అన్నది బిల్లుతోపాటే లెక్క తేలకపోతే, హక్కు పుస్తకంలో ఉండి మనిషి కుర్చీలో లేని స్థితి ఏర్పడుతుంది. ఖర్చును ముందుగా తూచమనడం హక్కులకు అడ్డుపడడం కాదు. లెక్క గట్టిన హక్కుకే నిధి దక్కుతుంది.

ఈ విషయంలో 2017లోనే వచ్చిన మరొక చట్టం గుణపాఠం వంటిది. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంలో, ఒక సంవత్సరం ఖర్చు కాని మొత్తాన్ని మరుసటి సంవత్సరానికి కలిపే ఏర్పాటున్నది. మైనారిటీ సంక్షేమానికి 2025-26 బడ్జెటులో 3,591 కోట్ల రూపాయలు చూపారు. ఆ సంవత్సరపు మొత్తం బడ్జెటు 3,04,965 కోట్లు. ఆ 3,591 కోట్లు వచ్చినది ఏటేటా ఓటు వేసే పద్దు ద్వారా. ఇట్టి పద్దులో ఖర్చు కాని సొమ్ము సంవత్సరాంతాన మురిగిపోతుంది. ఒక్క క్లాజు ఉండడంలో, లేకపోవడంలో ఇంత భేదమున్నది. అట్టి క్లాజులను ఓపికగా చదివే చోటు సంఘమే గాని, కేకల నడుమ సాగే సభ కాదు.

సంఘానికి పంపడమంటే బిల్లును చంపడమేనని కొందరి భావన. 2020 జనవరిలో పొరుగు రాష్ట్రంలో జరిగిన ఉదంతం ఈ భావన ఎంత బలమైనదో తెలుపుతున్నది. మూడు రాజధానుల బిల్లులను ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన పిమ్మట, 22వ తేదీన మండలి అధ్యక్షులు ఎం.ఎ. షరీఫ్ గారు వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్లు ప్రకటించారు. 27వ తేదీన శాసనసభ మండలినే రద్దు చేయాలని తీర్మానించినది. కమిటీ ఏర్పడనేలేదు. ఆ జూలైలో బిల్లులు చట్టాలైనవి. 2021 నవంబరులో ఆ చట్టాలను అదే ప్రభుత్వం ఉపసంహరించుకున్నది. మండలి రద్దు తీర్మానాన్నీ వెనక్కు తీసుకున్నది. ఏ పక్షం వాదన సరైనదన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. సంఘానికి మూడు నెలలు ఇవ్వలేని తొందర చివరకు దాదాపు రెండేళ్ళ కాలాన్ని మ్రింగినదన్నది మాత్రం గమనార్హం.

ఇతర చోట్ల పద్ధతులు ఎట్లున్నవో చూద్దాం. మన పార్లమెంటులో 1993లో శాఖల వారీ స్థాయీ సంఘాలు 17 ఏర్పడినవి. 2004లో వాటిని 24కు పెంచారు. ఆర్థిక వ్యవహారాల సంఘం వాటిలో ఒకటి. లోకసభ నుండి 21 మంది, రాజ్యసభ నుండి 10 మంది సభ్యులు. మంత్రులు సభ్యులుగా ఉండరాదు. ఆ సంఘాలు శాఖల పద్దులను పరిశీలిస్తాయి, తమకు అప్పగించిన బిల్లులపై నిపుణులను పిలిచి వింటాయి. కేరళ శాసనసభ 1980లోనే విషయ సంఘాలను నెలకొల్పినది. అక్కడ బిల్లును ప్రవేశపెట్టిన తరువాత విషయ సంఘానికి పంపడం సాధారణ ఆచారం. మన వలెనే ఒక రాష్ట్రం, మన రాజ్యాంగమే. వారికి సాధ్యమైనది మనకు అసాధ్యమని చెప్పడానికి కారణం కనిపించదు.

సముద్రాల కవతల మన వారున్న చోట మరొక పద్ధతి కానవస్తుంది. హైదరాబాదులో జన్మించిన తెలుగు మహిళ అరుణా మిల్లర్ 2010లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికై, 2023 జనవరిలో ఆ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేశారు. ఆ రాష్ట్రంలో బిల్లులకు ఆర్థిక వివరణ పత్రం జతపడుతుంది. దానిని వ్రాసేది ప్రభుత్వ శాఖ కాదు, శాసనసభకు చెందిన సిబ్బంది. రానున్న ఐదేళ్ళలో రాష్ట్ర ఖజానాపై భారమెంత, స్థానిక సంస్థలపై ఎంత, చిన్న వ్యాపారులపై ఎంత అని అందులో ఉంటుంది. సంఘ సభ్యుడు ఆ పత్రం చేతబట్టుకొని ప్రశ్నిస్తాడు. మన ఆర్థిక జ్ఞాపికకూ, దానికీ పేరులో భేదం తక్కువ. వ్రాసే చేయి ఎవరిదన్నదే అసలు భేదం.

ఆక్షేపణలు లేకపోలేదు. సంఘాలలోనూ అధికార పక్షానికే బలముంటుంది, ఇక ప్రయోజనమేమిటని ఒకటి. నిజమే. ఐతే సంఘంలో పత్రికల కోసం ప్రసంగించవలసిన అవసరం తక్కువ. అక్కడ అధికార పక్ష సభ్యుడు కూడా తన నియోజకవర్గం తరఫున నిస్సంకోచంగా ప్రశ్నించగలడు. నివేదికలో అసమ్మతి పత్రం చేర్చే సంప్రదాయమున్నది. ఓటులో ఓడిన వాదన కాగితం మీద నిలుస్తుంది. అత్యవసరమైన బిల్లులు ఆగిపోతాయని రెండవ ఆక్షేపణ. వరద, కరవు, మహమ్మారి వంటి సందర్భాలకు మినహాయింపు ఇవ్వవచ్చు. ద్రవ్య వినిమయ బిల్లుకు గడువులున్నవి కనుక దానిని వేరుగా ఉంచవచ్చు. తక్కిన వాటికి ముప్పది రోజుల గడువు విధిస్తే ఏ ప్రభుత్వమూ కూలిపోదు. శాసనసభ కొద్ది రోజులే సమావేశమవుతున్నదని మూడవది. సంఘాలు సభ లేని రోజులలోనూ పని చేయగలవు. 119 మంది సభ్యుల శాసనసభకు, 40 మంది సభ్యుల మండలికి ఈ పని భారం కాదు.

కనుక చేయవలసినవి మూడు. ఒకటి, ఖర్చుతో కూడిన ప్రతి బిల్లూ సంఘం పరిశీలన తరువాతనే రెండవ పఠనానికి రావాలని సభా నియమావళిని సవరించాలి. రెండు, ఆర్థిక జ్ఞాపికను సరిచూచే చిన్న కార్యాలయమొకటి శాసనసభ సచివాలయంలోనే ఉండాలి. అందులో లెక్కలు తెలిసిన వారుండాలి, వారు మంత్రిత్వ శాఖలకు లోబడి ఉండరాదు. మూడు, బిల్లునూ, జ్ఞాపికనూ, సంఘం నివేదికనూ తెలుగులో, ఉర్దూలో ముందుగా ప్రచురించాలి. మద్దూరు రైతుకు తన భూమిని గురించిన బిల్లు తన భాషలో చదివే అవకాశం అది చట్టమయ్యే ముందే కలగాలి.

ఇవన్నీ సభ చేయవలసిన పనులు. మనం చేయదగినవీ కొన్ని ఉన్నవి. మన కళాశాలలలో మాదిరి శాసనసభలు నడుపుతుంటాము. అందులో ముఖ్యమంత్రి, ప్రతిపక్ష నాయకుడు, సభాపతి పాత్రలకు పోటీ ఉంటుంది, వాగ్ధాటికి బహుమతులుంటాయి. ఈసారి మాదిరి సంఘం నడిపి చూద్దాం. ఒక అసలైన బిల్లును తీసుకొని, వాణిజ్య శాస్త్ర విద్యార్థులు దాని ఖర్చును లెక్కగట్టాలి. రాజనీతి శాస్త్ర విద్యార్థులు క్లాజులను ప్రశ్నించాలి. తెలుగు, ఉర్దూ విద్యార్థులు దానిని సామాన్యునికి అర్థమయ్యే భాషలో తిరిగి వ్రాయాలి. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. ప్రతి సంవత్సరం బడ్జెటు గ్రంథాలను, ముఖ్యమైన బిల్లుల ప్రతులను, ప్రజా పద్దుల సంఘం నివేదికలను మన గ్రంథాలయంలో ఉంచే ఏర్పాటు చేయండి. వీటికయ్యే వ్యయం అత్యల్పం.

తొందరలో చేసిన చట్టానికి మూల్యం చెల్లించేది సభలో చేయెత్తిన సభ్యుడు కాదు. తన పేరు సరిచేయించుకోవడానికి పని మాని బస్సెక్కే రైతు, ఉర్దూ అర్జీని పట్టుకొని ఏ బల్ల వద్దకు వెళ్ళాలో తెలియని వృద్ధుడు, వేతనం ఎప్పుడు వస్తుందోనని నోటీసు బోర్డు చూసే విద్యార్థి, వీరే ఆ మూల్యం చెల్లిస్తున్నారు. వారి పక్షాన ఒక సంఘం ముందుగా కూర్చుండి, ఈ బిల్లుకు ఎంత ఖర్చవుతుంది, ఆ సొమ్ము ఎక్కడిది, అది ఎవరికి చేరుతుంది అని అడగాలి. ఆ ప్రశ్నకు సమాధానం వచ్చిన తరువాతనే సభలో చేతులు పైకి లేవాలి.